ఎంత పట్టింది

చిలువేరు ఐలయ్య మామ చేతులకు
ఎప్పుడూ రెండు రంగులు:
మోచేతి దాకా ఆ వారం ఆర్డరు రంగు,
గోళ్ల కింద ముప్పై ఏండ్ల నలుపు.
వేళ్ల సందులల్ల జొన్నగింజంత గుంటలు.
"క్రోమ్ తిన్నది బిడ్డా" అంటడు,
మూటకు ఎలుక తగిలిందని చెప్పినట్టు.

కొత్తవాడల తివాచీ ఉన్నికి
రంగు పట్టాలంటే క్రోమ్ కావాలె.
పట్టంగ మిగిలింది మోరీల పడుతది.
మోరీ మా ఇంటెనక నుంచే పోతది.
గింతే కథ.
దీని మీద నాలుగేండ్ల నుంచి
పీహెచ్‌డీ చేస్తున్న.

రెండు ఇనుప లవణాలు, డెబ్బై డిగ్రీల వేడి,
బొట్టు బొట్టుగ అమోనియా.
ఘాటుకు కండ్లల్ల నీళ్లు తిరిగేలోపు
నారింజ నీళ్లు కాటుకైతయ్.
తలవెంట్రుక మందాన్ని పదివేల పాళ్లు చేస్తే
అండ్ల ఒక పాలు, నా రేణువు.
చెంచాడు పొడి ఒళ్లు విప్పి పరిస్తే
మామ పనిచేసే షెడ్డు నేలంతా కప్పుతది.
క్రోమ్ వచ్చి కూసోవడానికి అంత జాగ.

పాత రేడియోల నుంచి పీకిన అయస్కాంతం
బీకరు పక్కన పెడితే
నలుపంతా ఒక గోడకు జరుగుతది,
బస్సొచ్చిన చౌరస్తాల జనం లెక్క.

ల్యాబ్ నీళ్లల్ల తొంభై ఎనిమిది శాతం.
మోరీ నీళ్లల్ల నలభై ఒకటి.
మొదటి అంకెను స్లైడు మీద పెట్టమన్నడు గైడు సారు.
రెండోదాన్ని "ముందు ముందు చేయవలసిన పని" అన్నడు.
సబ్బు, ఉప్పు, గంజి, ఎవరో పారబోసిన పప్పుచారు,
మోరీల అందరూ కూసునేటోళ్లే.
ముందొచ్చినోనికి సీటిచ్చి
నా రేణువులు నిండిపోతయ్.

ఒక ఐతారం ల్యాబ్ తాళం నా దగ్గరుంటే
మామను తోలుకపోయిన.
వద్దన్నా చెప్పులు బయటనే విడిచిండు.
పది గాజు గొట్టాలల్ల పది నీళ్లు.
క్రోమ్ ఉంటే వంకాయ రంగు తిరిగే మందు వేసిన.
మెషీను ఇంకా వేడెక్కుతనే ఉన్నది,
ఆయన ఒక్కో గొట్టం కిటికీ వెలుగుకెత్తి
జేబులకెల్లి తెల్ల ఉన్ని పోగు తీసి
వెనుక పెట్టి చూసిండు.
"ఇది మొదటి ముంపు. ఇది మూడుసార్ల కడుగు.
గీ రెండు తారుమారైనయ్."
అయినయ్. నేనే మార్చి పెట్టిన, తెల్వక.
ఆఖరుదాన్ని మెషీను సున్నా అన్నది.
ఆయన చాలాసేపు దించలేదు.
"ఇంక ఉన్నది బిడ్డా. గులాబి నీడ ఉన్నది."
గొట్టం తుడిచి, మెషీను మళ్ల సరిచేసి కొలిచిన.
ఉన్నది.

అప్పుడు అయస్కాంతం చూపిన.
నలుపు గోడకు నడిచింది.
పిలగాని లెక్క నవ్విండు,
మూడుసార్లు చేయించుకున్నడు.
ఉన్నికి రంగును పట్టిచ్చేది క్రోమ్,
క్రోమ్‌ను పట్టేది ఇనుము,
ఇనుమును పట్టేది అయస్కాంతం,
దాన్ని పట్టుకున్నది నా చెయ్యి.
నా చేతికి గ్లౌజున్నది.
నాలుగోసారి మామ నవ్వలేదు.
"పట్టింది సరే. పట్టినంక ఏడ పెడ్తవ్?"

బీరువా తెరిచి చూపిన.
నలభై మూడు సీసాలు,
ఒక్కోదాని మీద తారీఖు, నా సంతకం.
కొన్నింటిని క్షారంతోటి కడిగి మళ్ల వాడిన.
కడిగిన నీళ్లు ఇంకో వరుసల.
"మా పని గూడ గిట్లనే" అన్నడు,
"గిన్నె కడిగిన నీళ్లకు ఇంకో గిన్నె."
అనుడైతే ఎక్కిరించినట్టు అనలేదు.
సీసాలను అటిటు జరిపి
మూతలు బిగించిండు, వదులున్నయని.

పోయేటప్పుడు సింకు దగ్గర చేతులు కడుక్కోబోయి
నల్లా మీద చెయ్యి పెట్టి ఆగిండు.
"ఈ నీళ్లు ఏడికి పోతయ్?"
నాలుగేండ్లల్ల ఒక్కనాడు వంగి చూడలేదు నేను.
ఇద్దరం మోకాళ్ల మీద కూసొని
ఫోను లైటు వేసినం.
పైపు గోడలకు పోయింది.
గోడకు చెవి పెట్టి
మామ నన్ను సప్పుడు చెయ్యొద్దన్నడు.